రెండోసారి నార్నియాకు: ‘ప్రిన్స్ కాస్పియన్’పై పాఠకుల తగవు

సి.ఎస్. లూయిస్ రాసిన ‘ప్రిన్స్ కాస్పియన్’ 1951 అక్టోబరులో లండన్‌లో వెలువడింది. సరిగ్గా ఏడాది ముందు వచ్చిన ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’కు అది కొనసాగింపు. 1956 నాటికి నార్నియా కథలు ఏడు పుస్తకాలయ్యాయి. వాటిలో చివరిది ‘ద లాస్ట్ బ్యాటిల్’ బ్రిటన్‌లో బాలసాహిత్యానికి ఇచ్చే కార్నెగీ పతకం గెలుచుకుంది. మొదటిది ఇంటింటి పుస్తకమైంది. రెండోదానికి మాత్రం అంత అదృష్టం పట్టలేదు. 2003లో బి.బి.సి. బ్రిటన్ ప్రజలను అడిగి తయారుచేసిన అభిమాన నవలల జాబితాలో మొదటి పుస్తకం తొమ్మిదో స్థానంలో ఉంది. వంద పేర్లున్న ఆ జాబితాలో ‘ప్రిన్స్ కాస్పియన్’ లేదు. అయినా దాని గురించి పాఠకుల మధ్య తగవు డెబ్బై ఏళ్ళు దాటినా తెగలేదు. ఒకరు మెచ్చుకున్న ఘట్టమే మరొకరికి గిట్టదు. అదే మనిషి పదేళ్ళప్పుడు విసుక్కున్న అధ్యాయాన్ని నలభై ఏళ్ళప్పుడు గుండెకు హత్తుకోవడమూ కద్దు.

కథ క్లుప్తంగా ఇది. పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ అనే నలుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ బడులకు వెళ్ళడానికి రైల్వే స్టేషన్‌లో కూర్చుని ఉంటారు. ఏదో శక్తి వాళ్ళను ఒక్కసారిగా లాగేసి అడవి కమ్మేసిన ఒక దీవిలో పడేస్తుంది. అక్కడి శిథిలాలు ఒకప్పుడు తాము రాజులుగా, రాణులుగా ఏలిన కెయిర్ పారవెల్ కోటవేనని మెల్లగా తెలుస్తుంది. ఇంగ్లండులో గడిచింది ఒక్క ఏడాదే, నార్నియాలో మాత్రం దాదాపు 1300 ఏళ్ళు. ఇప్పుడా దేశాన్ని టెల్మరీన్లు అనే మనుషులు జయించి పాలిస్తున్నారు. మాట్లాడే జంతువులు, మరుగుజ్జులు, వనదేవతలు ప్రాణాలు అరచేత పట్టుకుని దాక్కున్నారు. రాజు మిరాజ్ తన అన్నను చంపి గద్దెనెక్కినవాడు. అన్న కొడుకు కాస్పియన్ పారిపోయి, దాక్కున్న పాత నార్నియావాళ్ళతో చేరి, కష్టకాలంలో సూసన్ పాత కొమ్ముబూర ఊదుతాడు. పిల్లలను లాగింది ఆ బూరే.

మొట్టమొదటి ఫిర్యాదు ద్వారం గురించే. పోర్టల్ ఫాంటసీ అని పిలిచే ఈ కోవ కథల్లో పాఠకుణ్ణి పట్టి లాగేది ద్వారం. మొదటి పుస్తకంలో లూసీ బట్టల బీరువాలోకి దూరుతుంది, బొచ్చుకోట్లు తోసుకుంటూ పోతుంది, కాళ్ళ కింద మంచు కరకరలాడుతుంది. ఎక్కడ గది ముగిసి ఎక్కడ అడవి మొదలైందో తెలియదు. ఆ పేజీ చదివిన పిల్లలు ఇంట్లో బీరువా తలుపు తీసి చూసుకోకుండా ఉండలేరు. ‘ప్రిన్స్ కాస్పియన్’లో అలాంటి తలుపు లేదు. పిల్లలు కుతూహలంతో వెళ్ళరు, ఎవరో పిలిస్తే లాగబడతారు. ఇది పుస్తకానికి పెద్ద లోటని చాలామంది అంటారు. అయితే లూయిస్ దీన్ని తెలిసే చేశాడు. అరబ్బీ కథల్లో దీపం రుద్దగానే వచ్చి నిలబడే భూతానికి ఆ పిలుపు ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందని ఎడ్మండ్ నవ్వుతూ అనే చోటు ఒకటుంది. మొదటి పుస్తకంలో ఆ లోకం పిల్లలకు అద్భుతం. రెండోదాంట్లో పిల్లలే ఆ లోకానికి అద్భుతం, పాతకథల్లోంచి లేచివచ్చిన మనుషులు. ఈ తిరగవేత గమనించిన పాఠకుడికి బీరువా లేని లోటు అంతగా తెలియదు.

రెండో ఫిర్యాదు నిర్మాణం గురించి. పుస్తకాన్ని ప్రేమించేవాళ్ళు కూడా దీన్ని కొట్టిపారేయలేరు. పుస్తకంలో 15 అధ్యాయాలున్నాయి. మొదటి మూడింట్లో పిల్లలు దీవిలో తిరిగి, శిథిలాలను గుర్తుపట్టి, ట్రంప్‌కిన్ అనే మరుగుజ్జును సైనికుల చేతుల్లోంచి కాపాడతారు. నాలుగో అధ్యాయం నుంచి ఏడో అధ్యాయం దాకా కథ వెనక్కి వెళ్ళి కాస్పియన్ బాల్యం, పారిపోవడం, యుద్ధం మొదలవడం చెబుతుంది. ఇదంతా ట్రంప్‌కిన్ నోట పిల్లలు విన్న సంగతి అని లూయిస్ అంటాడు గాని, చెప్పే గొంతు మాత్రం రచయితదే. ఎనిమిదో అధ్యాయంలో పిల్లలు మళ్ళీ కదులుతారు. పన్నెండో అధ్యాయం దాకా, అంటే కథ చివరి అంచుకు చేరేదాకా, పీటర్, ఎడ్మండ్‌లు కాస్పియన్‌ను కలుసుకోరు. పుస్తకానికి ఎవరి పేరు పెట్టారో అతనూ, పాఠకుడు ఎవరి కోసం పుస్తకం తెరిచాడో ఆ పిల్లలూ కథలో ముప్పాతిక భాగం వేర్వేరుగానే నడుస్తారు. సింహం అస్లాన్ రాక కూడా ఆలస్యమే. లూసీకి తొమ్మిదో అధ్యాయంలో దూరం నుంచి కనిపిస్తాడు, మిగిలినవాళ్ళందరికీ కనిపించేసరికి పదకొండో అధ్యాయం వస్తుంది. అస్లాన్ కోసం చదివే పిల్లలకు ఇది నిజంగా పెద్ద ఎడబాటు. ఇక్కడ తప్పు పాఠకుడిది కాదు, కథ కూర్పుదే.

కాని అదే కూర్పు మరొక ఫలం ఇచ్చింది. మొదటి మూడు అధ్యాయాలు, నార్నియా మొత్తంలోనే, ఎన్నిసార్లు చదివినా తరగనివి. నలుగురూ ఆకలితో ఆపిల్ తోటలో అడుగుపెడతారు, పాత గోడలు తడుముతారు. సూసన్‌కు ఒక బంగారు చదరంగపు గుర్రం దొరుకుతుంది. దాని కళ్ళు కెంపులు. అది తాము ఆడుకున్న పావేనని గుర్తొస్తుంది. తీగలు అల్లుకున్న తలుపు విరగ్గొట్టి నేలమాళిగలోకి దిగితే పీటర్ కత్తి, డాలు, సూసన్ విల్లు, లూసీ మందుబుడ్డి, చురకత్తి పెట్టినచోటే ఉంటాయి. అక్కడ లేనిదల్లా సూసన్ కొమ్ముబూర. ఒక మనిషి తన ఇంటినే శిథిలంగా తవ్వి చూసుకునే ఇలాంటి ఘట్టం బాలసాహిత్యంలో అరుదు. తెలుగు పాఠకుడికి ఇక్కడ భాగవతంలోని రేవతి కథ తట్టక మానదు. కూతురికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్ళిన కకుద్మి కాసేపు పాట వింటూ ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయని, తను అనుకున్న వరుల్లో ఎవరూ మిగల్లేదని బ్రహ్మ చెబుతాడు. కకుద్మి తనవాళ్ళు లేని నేలకు తిరిగొస్తాడు, పిల్లలూ అంతే. పదేళ్ళ పాఠకుడు ఆ అధ్యాయాలను నిధి వెతికే కథగా చదువుతాడు. వదిలొచ్చిన ఊరికి ఎన్నాళ్ళకో తిరిగి వెళ్ళినవాళ్ళు వాటిని మరోలా చదువుతారు.

కొనసాగింపును చూసి పాఠకులు ఎందుకు నొచ్చుకుంటారో తెలియాలంటే లూయిస్‌కు ముందువాళ్ళను కూడా చూడాలి. అమెరికాలో ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో ‘ద వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఆజ్’ రాశాక పిల్లల ఉత్తరాలు వెల్లువెత్తాయి. 1904లో వచ్చిన ‘ద మార్వెలస్ ల్యాండ్ ఆఫ్ ఆజ్’కు పునాది ఆ ఉత్తరాలేనని ముందుమాటలో చెప్పుకున్నాడు. అందులో మొదటి పుస్తకపు నాయిక డొరోతీ లేదు. పిల్లలు ఊరుకోలేదు. 1907లో ఆమెను మళ్ళీ తీసుకురావలసి వచ్చింది. 1910లో ఆజ్‌కు దారి మూసేసి కథ అయిపోయిందన్నాడు, 1913లో తిరిగి తెరవక తప్పలేదు. అక్కడ పాఠకులు అడిగింది అవే పాత్రలు, అదే సరదా. లూయిస్ కారల్ దారి వేరు. 1871 చివర్లో వచ్చిన ‘త్రూ ద లుకింగ్ గ్లాస్’ మొదటి ఆలిస్ పుస్తకంలో ఎంతగా కలిసిపోయిందంటే, ట్వీడిల్డమ్, ట్వీడిల్డీ, హంప్టీ డంప్టీ ఏ పుస్తకంలోవాళ్ళని అడిగితే చాలామంది తడబడతారు. 1951లో డిస్నీ తీసిన ఆలిస్ సినిమా కూడా రెండు పుస్తకాలనూ కలిపేసింది. బామ్ పాఠకుల కోరిక తీర్చాడు, కారల్ రెండో పుస్తకం మొదటిదాంట్లో కరిగిపోయింది. ‘ప్రిన్స్ కాస్పియన్’ ఈ రెండూ కాదు. అవే పాత్రలను తెచ్చి అదే సరదాను నిరాకరించింది. నొప్పికి మూలం అక్కడుంది.

ఆ నిరాకరణ అన్నిటికన్నా గట్టిగా కనిపించేది లూసీ విషయంలో. అడవిలో దారి తప్పిన వేళ లూసీకి అస్లాన్ కనిపిస్తాడు, మిగిలినవాళ్ళకు కనిపించడు. ఓటు వేస్తారు. మొదటి పుస్తకంలో లూసీని వెక్కిరించిన ఎడ్మండ్ ఒక్కడే ఈసారి ఆమె పక్షం నిలుస్తాడు. లూసీ అందరి మాటా విని వాళ్ళ వెంట నడుస్తుంది, అది తప్పుదారి అవుతుంది. రాత్రి అస్లాన్ ఆమెతో ఒంటరిగా మాట్లాడి, ఎవరు రాకపోయినా తన వెంట రావలసిందని తెలియజెప్తాడు. భక్తిభావంతో చదివేవాళ్ళకు పుస్తకం మొత్తానికి ఇదే ఆయువుపట్టు. లూయిస్ 1961లో ఒక పాఠకురాలికి రాసిన ఉత్తరంలో ఈ పుస్తకం విషయం చెడిపోయిన నిజమైన మతాన్ని తిరిగి నిలబెట్టడమని వివరించాడు. నార్నియాను క్రైస్తవ బోధగా చూసి దూరం పెట్టేవాళ్ళు ఈ ఘట్టాన్నే ఎత్తిచూపుతారు: కనబడనిదాన్ని నమ్మడం మంచితనం, అనుమానం బలహీనత అని పిల్లలకు నేర్పడం సరికాదంటారు. ఇంగ్లిషు రచయిత ఫిలిప్ పుల్మన్ 1998లో గార్డియన్ పత్రికలో నార్నియా మొత్తం మీద తీవ్రంగా విరుచుకుపడ్డాడు. అయితే ఏ మతమూ పట్టని పిల్లలు కూడా ఈ ఘట్టాన్ని బాగా అర్థం చేసుకుంటారు. నలుగురిలో చిన్నదాని మాట ఎవరూ నమ్మకపోవడం ప్రతి ఇంట్లో జరిగేదే. తను చూసింది చూశానని చెప్పి, ఏడ్చి, చివరికి నిలబడే లూసీ బోధనల కన్నా పెద్దది. అమెరికన్ విమర్శకురాలు లారా మిల్లర్ 2008లో రాసిన పుస్తకంలో ఇలాంటి పాఠకుల ప్రయాణాన్ని లోతుగా పరిశీలించారు. చిన్నప్పుడు నార్నియా ఆమెకు ప్రాణం. పెరిగాక అందులోని మతం తెలిసి మోసపోయినట్టు బాధపడ్డారు, తర్వాత మళ్ళీ ఆ పుస్తకాల దగ్గరికి వచ్చారు.

లూసీకి ఎదురుగా సూసన్ ఉంది. అస్లాన్‌ను చూడలేకపోయినా లోలోపల నమ్మానని, అడవిలోంచి త్వరగా బయటపడాలన్న తొందరలో ఆ నమ్మకాన్ని పక్కకు నెట్టానని ఆమె తర్వాత ఒప్పుకుంటుంది. చివరి పుస్తకంలో సూసన్ నార్నియాను చిన్నప్పటి ఆటగా కొట్టిపారేసి బయటే మిగిలిపోతుంది. దాని మీద పాఠకుల కోపం ఇప్పటికీ చల్లారలేదు. జె.కె. రోలింగ్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. నీల్ గైమన్ 2004లో సూసన్ సమస్యనే పేరుగా పెట్టి ఒక కథ రాశాడు. లూయిస్ మాత్రం 1957లో ఒక బాలుడికి జవాబిస్తూ, ఆమె మారడానికి ఇంకా బోలెడంత కాలముందని రాశాడు. ఈ తగవుకు బీజం ‘ప్రిన్స్ కాస్పియన్’లోనే పడిందని ఏడు పుస్తకాలూ చదివాక వెనక్కి వచ్చినవాళ్ళు గుర్తిస్తారు. మొదటిసారి చదివేవాళ్ళకు సూసన్ అలసిపోయిన అక్క మాత్రమే. ఆ అలసట చాలా సహజంగా ఉంది.

గెలుపు, ఓటముల విషయంలో పాఠకుల అభిప్రాయాలు దేశాన్ని బట్టి కూడా మారతాయి. టెల్మరీన్లు దేశాన్ని జయించడంతో ఆగలేదు, దాని గతాన్ని కూడా చెరిపేశారు. చెట్లను, నీటిని అణిచివేశారు. అడవుల్లో దయ్యాలున్నాయని వదంతి పుట్టించారు. పాత నార్నియా కథలు చెప్పినందుకు కాస్పియన్ దాదిని మిరాజ్ కోటలోంచి వెళ్ళగొట్టాడు. ఆమె స్థానంలో వచ్చిన ఉపాధ్యాయుడు కొర్నీలియస్ తనలోని మరుగుజ్జు రక్తాన్ని దాచుకుని, రాత్రిపూట బురుజు మీదికి తీసుకెళ్ళి అసలు చరిత్ర చెబుతాడు. వలసపాలనలో బతికిన దేశాల పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. పాలకుల పాఠ్యపుస్తకంలో ఒక చరిత్ర, ఇంట్లో పెద్దవాళ్ళ నోట మరొక చరిత్ర వినడం వాళ్ళకు తెలిసిందే. ఆ మెప్పుతో పాటే చిక్కు ప్రశ్న కూడా వస్తుంది. దేశం విముక్తి పొందాక గద్దె ఎక్కింది మళ్ళీ టెల్మరీన్ రక్తమే. నార్నియాను మనిషి ఏలితేనే సవ్యంగా ఉంటుందన్నది అక్కడి నియమం. ట్రఫుల్‌హంటర్ అనే నమ్మకస్తుడైన బ్యాడ్జరే ఆ నియమాన్ని సమర్థిస్తాడు. నికబ్రిక్ అనే నల్ల మరుగుజ్జుకు అది రుచించదు. మనుషుల కింద తన జాతి పడ్డ కష్టాలు లెక్కపెడతాడు, చివరికి మొదటి పుస్తకంలోని మంచు మంత్రగత్తెనైనా పిలుద్దామంటాడు. లూయిస్ అతణ్ణి దుర్మార్గుడిగా చూపి చంపేసినా, ఆ చావు మీద కాస్పియన్‌ను జాలిపడనిచ్చాడు. మంచికాలంలో అతను మంచి మరుగుజ్జు అయ్యుండేవాడేమోనన్న ఆ జాలి పుస్తకంలోని గొప్ప నిజాయితీల్లో ఒకటి. దాన్ని పట్టించుకున్న విమర్శకులు తక్కువ.

చివరి అధ్యాయాల్లో గ్రీకు దేవుడు బాకస్ రావడం గురించి తగవు మరీ వింతైనది. పీటర్, మిరాజ్ ద్వంద్వయుద్ధం చేస్తుంటే, సూసన్, లూసీ అస్లాన్‌తోనూ బాకస్ గుంపుతోనూ ఊళ్ళమీద ఊరేగుతారు. ఐవీ తీగలు వంతెనను కూల్చి నదిని విడిపిస్తాయి, బడి గోడలు పచ్చగా మారిపోతాయి. వేర్వేరు పురాణాలను ఒకేచోట కలిపినందుకు లూయిస్ మిత్రుడు టోల్కీన్‌కు మొదటి పుస్తకమే నచ్చలేదన్నది తెలిసిన విషయం. ఆ దృష్టితో చూసేవాళ్ళకు రెండోది మరింత కలగాపులగం. పిల్లల పుస్తకంలో మద్యదేవుడేమిటని ముఖం చిట్లించే తల్లిదండ్రులూ ఉన్నారు. మైకేల్ వార్డ్ 2008లో వెలువరించిన ‘ప్లానెట్ నార్నియా’ ఈ పజిల్‌కు ఒక జవాబు ప్రతిపాదించింది. ఒక్కో పుస్తకం మధ్యయుగపు ఒక్కో గ్రహం ఛాయలో నడుస్తుందని, ‘ప్రిన్స్ కాస్పియన్’ది అంగారకుడని వార్డ్ వాదన. పాత రోమన్ భావనలో అంగారకుడు యుద్ధానికే కాదు, అడవులకూ దేవుడు. అందుకే ఇందులో కత్తులు, కదిలే చెట్లు పక్కపక్కన ఉన్నాయంటాడు. లూయిస్ ఈ పథకం గురించి ఎక్కడా చెప్పలేదు కాబట్టి అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఈ ఊరేగింపులోనే పుస్తకంలోని అతి కోమలమైన క్షణం ఉంది: చావుబతుకుల్లో ఉన్న ముసలావిడ అస్లాన్ రాకతో లేచి కూర్చుంటుంది, ఆమె కాస్పియన్ పాత దాది. కథలు చెప్పినందుకు శిక్షపడిన మనిషికి ఆ కథలే నడిచి ఇంటికి వస్తాయి.

అమ్మాయిలను యుద్ధానికి దూరంగా పంపారన్న అసంతృప్తిని 2008లో ఆండ్రూ ఆడమ్సన్ తీసిన సినిమా తీర్చబోయింది. సూసన్ చేతికి విల్లిచ్చి యుద్ధంలోకి దింపింది. మిరాజ్ కోట మీద రాత్రిదాడిని కొత్తగా కల్పించింది. పీటర్‌కు, కాస్పియన్‌కు మధ్య పోటీ పెట్టింది. సూసన్ వెళ్ళేముందు కాస్పియన్‌ను ముద్దుపెట్టుకోవడం చాలామంది పుస్తకాభిమానులకు మింగుడుపడలేదు. బాకస్‌ను పూర్తిగా తీసేశారు. 2005లో వచ్చిన మొదటి సినిమా ప్రపంచవ్యాప్తంగా సుమారు 74 కోట్ల డాలర్లు రాబడితే, 20 కోట్లకు పైగా ఖర్చుపెట్టిన ఇది సుమారు 42 కోట్లు తెచ్చింది. ఆ ఏడాది చివర్లో డిస్నీ సంస్థ ఈ వరుస నుంచి తప్పుకుంది. సినిమావాళ్ళు నిర్మాణలోపాన్ని సరిగానే పట్టుకున్నారు, కాస్పియన్‌ను ముందే తెచ్చారు. కాని శిథిలాలను గుర్తుపట్టే నిదానాన్ని, లూసీ ఒంటరితనాన్ని యుద్ధపు హోరుకు బలిచ్చారు. 1989లో బి.బి.సి. టెలివిజన్ దీన్ని మూడో పుస్తకంతో కలిపేసి రెండే భాగాల్లో ముగించింది. అది ఇంకో రకం అన్యాయం.

ఇంతమంది మధ్య ఎవరికీ పేచీలేని పాత్ర రీపిచీప్. రెండడుగులకు మించని ఈ ఎలుక మర్యాదలో, పౌరుషంలో ఎవరికీ తీసిపోదు. తోక తెగి అస్లాన్ ముందు నిలబడటానికి సిగ్గుపడితే, దాని అనుచరులంతా తమ తోకలూ కోసుకోవడానికి సిద్ధపడతారు, అస్లాన్ ఆ తోకను తిరిగిస్తాడు. మొదటి పుస్తకంలో అస్లాన్ కట్లను కొరికి తెంచిన ఎలుకల రుణం అక్కడ తీరుతుంది. పిల్లలు ఈ పుస్తకంలో మరేది మరిచినా రీపిచీప్‌ను మరువరు.

చివర్లో ఇక నార్నియాకు తిరిగిరారని పీటర్‌కు, సూసన్‌కు అస్లాన్ చెబుతాడు. వాళ్ళు పెద్దవాళ్ళైపోయారు. మొదటి పుస్తకం ముగిసినప్పుడు తలుపు మళ్ళీ తెరుచుకుంటుందన్న ఆశ మిగిలింది. ఇక్కడ ఇద్దరికి అది మూసుకుపోతుంది. చాలామంది చిన్నపాఠకులు పుస్తకం మీద అలిగేది ఇక్కడే. ఆ అలక న్యాయమైనదే, అయినా ఈ ముగింపు లేకపోతే శిథిలాల అధ్యాయాలకు అర్థం ఉండేది కాదు. రెండోసారి వెళ్ళిన చోటు మొదటిసారి చూసిన చోటు కాదని పుస్తకం మొదటి నుంచి చెబుతూ వచ్చింది. దాన్ని దాచి, బామ్‌లా కోరినదల్లా ఇచ్చి ఉంటే లూయిస్‌కు మరో సరదా పుస్తకం దక్కేది, ఇంత లోతైనది దక్కేది కాదు.

మిగిలింది చదివే వరుస. మొదటి పుస్తకం రాసినప్పుడు రెండోది రాస్తానని, రెండోది రాసినప్పుడు మూడోది ఉంటుందని అనుకోలేదని లూయిస్ 1957లో ఒక అమెరికన్ బాలుడికి రాశాడు. కథాకాలం ప్రకారం చదవాలన్న ఆ బాలుడి మాటకే మొగ్గుచూపినా, వరుస అంత ముఖ్యం కాదేమోనని కూడా అన్నాడు. 1994 నుంచి హార్పర్‌కాలిన్స్ సంస్థ ఆ ఉత్తరం ఆధారంగా కథాకాల క్రమంలో అంకెలు వేస్తోంది. ఆ లెక్కలో ‘ప్రిన్స్ కాస్పియన్’ నాలుగోది. దానికి ముందు వచ్చే ‘ద హార్స్ అండ్ హిజ్ బాయ్’లో సూసన్, ఎడ్మండ్, లూసీ పెద్దవాళ్ళై రాజ్యమేలుతూ కనిపిస్తారు. పీటర్ షేకెల్ వంటి పండితులు ప్రచురణ క్రమమే సరైనదని చాలాకాలంగా వాదిస్తున్నారు. ఈ ఒక్క పుస్తకం విషయంలో వాళ్ళ మాటే నిలుస్తుంది. బీరువాలోంచి పిల్లలు బయటపడ్డ వెంటనే, ఆ కోట ఇంకా కళ్ళముందు మెరుస్తుండగానే, అదే కోట శిథిలంగా ఎదురుపడాలి. మధ్యలో ఇంకో కథ అడ్డొస్తే ఆ దెబ్బ తగలదు. పిల్లలకు కొనిచ్చేవాళ్ళు అట్టమీద నాలుగు అంకె ఉన్నా దీన్ని రెండోదిగానే చదివించాలి.